పదకొండేళ్ళు ఆలస్యమైన బొట్టు

నేను ఒక కుంకుమ భరిణెను. వెండిదాన్ననుకునేరు, కాదు, అంకుడు కర్రదాన్ని. ఏటికొప్పాకలో ఒక పెద్దాయన నన్ను తరిణి మీద తిప్పి, లక్క అద్ది నిగనిగలాడించాడు. అనకాపల్లి పైడమ్మగారు కొనుక్కొచ్చారు. పెద్దకోడలు నూకరత్నం కాపరానికి వచ్చిన ఏడాది ఆవిడ నన్ను ఆమె చేతిలో పెట్టి, "ఇంక ఈ ఇంటి పిలుపులన్నీ నీయే" అన్నారు.

మా వైపు పిలుపంటే నోటిమాట కాదు. బంగారు అక్షరాల శుభలేఖ ఇచ్చినా సరే, బొట్టు పెట్టకపోతే "మమ్మల్నెవరు పిలిచేరు?" అని మూతి ముడుచుకుంటారు. నేను వెళ్ళగానే ఆడవాళ్ళు పని ఆపి, స్టిక్కరు పీకి మోచేతికి అంటించుకుని, నుదురు ముందుకు చాపుతారు. అలాంటి నుదుళ్ళు ఎన్ని చూశానో. అంతమందిలో నన్ను కుదిపింది మాత్రం వరాలమ్మ నుదురే.

వరాలమ్మ రత్నం ఆడపడుచు. నర్సీపట్నంలో ఉంటుంది. పదకొండేళ్ళ కిందట రత్నం కొడుకు గృహప్రవేశానికి పిలవడానికి వెళ్ళాం. అప్పటికి వరాలమ్మ భర్త పోయి ఏడాది. రత్నం ఆమె కోడలికి బొట్టు పెట్టి, నా మూత బిగించేసి, "వరాలూ, నువ్వు కూడా రావాల" అంది. లోకం చేసేదే చేసింది పాపం. భర్త పోయినవాళ్ళకి బొట్టు పెట్టకూడదంటారుగా! వరాలమ్మ తలూపింది. కానీ రాలేదు. ఆ తర్వాత పెళ్ళికి రాలేదు, పేరంటానికి రాలేదు. ఎందుకో రత్నానికి అంతుపట్టలేదు. నాకు తెలుసు. చెప్పడానికి నోరేదీ?

నాలుగేళ్ళ కిందట రత్నం భర్త పోయాడు. అన్న చావుకి మాత్రం వరాలమ్మ వచ్చి, ఏడ్చి, ఆ రోజే వెళ్ళిపోయింది. ఊళ్ళోవాళ్ళు పక్కింట్లో అందరికీ బొట్టు పెట్టి, వీళ్ళ గుమ్మంలో కోడల్ని మాత్రం పిలిచి వెళ్ళిపోవడం మొదలైంది. మొదటిసారి అలా జరిగిన రోజు రత్నం వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. ఆ రోజు తెలిసొచ్చింది ఆమెకి, వరాలమ్మ ఎందుకు రాలేదో.

ఈ కార్తీకంలో బంధువులందరినీ ఒక్కచోట కూర్చోబెట్టాలని రత్నం పట్టుబట్టింది. మాకవరపాలెం దగ్గర మామిడితోటలో వనభోజనాలు. కోడలు సుగుణ ఫోన్లో గ్రూపు పెట్టి అందరికీ కబురు పంపింది. అందరూ బొటనవేలు బొమ్మలు పంపారు. వరాలమ్మ దగ్గర్నించి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"అన్ని ఇళ్ళకీ బొట్టు పట్టుకుని నేనెళ్తానత్తా, మీరు వెళ్తే నలుగురూ ఏటంటారో" అంది సుగుణ.

"అన్నీ నువ్వే తిరుగమ్మా. ఆ ఒక్క ఇంటికీ నేనే ఎళ్ళాల" అంది రత్నం, నన్ను సంచిలో వేసుకుంటూ.

బస్సులో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వరాలు రాకపోతే వనభోజనాలు ఎవరి కోసం అని నర్సీపట్నం దాకా గొణుక్కుంటూనే ఉంది.

వరాలమ్మ వరండాలో చింతపండు గింజలు తీస్తోంది. తలెత్తి చూసి, "ఇన్నాళ్ళకి తోవ తెలిసిందేటి వదినా?" అంది. రత్నం కూర్చోలేదు, మంచినీళ్ళు అడగలేదు. నన్ను బయటికి తీసి మూత తిప్పింది. తొందరలో కుంకుమ సగం నేల మీద పడింది.

"ఏటది, నాకెందుకు వదినా?" వరాలమ్మ వెనక్కి జరిగింది.

"ఆ రోజు నీకు పెట్టకుండా తప్పు చేసేను వరాలూ. నాకు తెలీలేదు. నా దాకా వస్తే గానీ తెలిసిరాలేదు. ఆదివారం మనోళ్ళందరం కలుస్తున్నాం. నువ్వు రావాల."

పెట్టనిస్తుందా, చెయ్యి తోసేస్తుందా? నేను ఊపిరి బిగబట్టాను. చెక్క భరిణెకి ఊపిరేమిటని అడక్కండి. వరాలమ్మ కళ్ళు మూసుకుంది. రత్నం వేలు ఆ నుదుటి మీద చాలాసేపు ఆగిపోయింది. కిందపడ్డ కుంకుమ మీద ఇద్దరి కన్నీళ్ళూ రాలాయి. హమ్మయ్య, నా జన్మ ధన్యం అనుకున్నాను.

వరాలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది, నుదురు మాత్రం వదిలేసి. తర్వాత చెయ్యి చాపి నన్ను లాక్కుంది.

"అందర్నీ పిలిచేవు, సరే. మరి నిన్నెవరు పిలిచేరు వదినా?"

వరాలమ్మ నాలో మిగిలిన కుంకుమ చిటికెడు తీసి రత్నం నుదుట దిద్దింది. "ఆదివారం నువ్వూ రావాల" అంది.