బొట్టు పెట్టిన స్టవ్

మనవాళ్ల సంగతే. చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్పాలి.

అమెరికాలో ఇళ్ల ధరలు కుప్పకూలిన రోజుల్లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండే ఇంజినీర్లు హరనాథ్, భాస్కర్ కలిసి డెట్రాయిట్‌లో ఒకే వీధిలో మూడిళ్లు కొన్నారు.

"సెక్షన్ ఎయిట్ వోచరున్న పేదవాళ్లకిద్దాం. రెంట్ గవర్నమెంటే పే చేస్తుంది, గ్యారంటీ," అన్నాడు భాస్కర్.

వోచర్ ఇంటికి ఇన్‌స్పెక్షన్ పాసవ్వాలి. పాసవ్వాలంటే స్టవ్ ఉండాలి. మూడిళ్లకీ కలిపి ఒక్కటే కొన్నారు మహానుభావులు.

మొదటి ఇంట్లో హరనాథ్ భార్య ప్రమోద ఆ స్టవ్‌కి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, పాలు పొంగించింది. పెట్టుబడికి శుభం జరగాలి కదా మరి! అద్దెకొచ్చిన లొరెట్టా వాళ్ల పిల్లలకి పరమాన్నం వండిపెట్టింది. ఇన్‌స్పెక్షన్ పాసైన మర్నాడే, రిపేరని చెప్పి హరనాథ్ ఆ స్టవ్ పట్టుకుపోయాడు. ప్రమోద నమ్మింది. మళ్లీ అడగలేదు.

"స్టవ్ ఎప్పుడు తెస్తారు?" అంది లొరెట్టా.

"కంప్లెయింట్ చేశావంటే ఇల్లు ఇన్‌స్పెక్షన్‌లో ఫెయిలవుతుంది, వోచర్ ఆగిపోతుంది. రోడ్డున పడేది నువ్వే," అన్నాడు హరనాథ్.

రెండో ఇంట్లో డార్లీన్‌కీ అదే జరిగింది. చర్చి మెట్ల మీద ఆ వీధివాళ్లంతా కూడారు.

"నోరు మూసుకుంటే నెత్తి మీద పైకప్పయినా ఉంటుంది," అంది డార్లీన్.

"ఎన్నాళ్లు మూసుకుంటావు? రేపు మూడో ఇంటికొచ్చేవాళ్లకీ ఇదేగా!" అంది లొరెట్టా. చాలాసేపు వాదించుకున్నారు. చివరికి "పదండి" అంటూ డార్లీనే ముందు లేచింది.

ప్రమోదని వెంటబెట్టుకొచ్చి హరనాథ్ మూడో ఇంటి దగ్గర స్టవ్ దించుతుంటే, ఇంటి మెట్ల నిండా జనం కూర్చున్నారు.

"జరగండి!" అన్నాడు హరనాథ్.

"ఆ ఎర్ర బొట్టు మా ఇంట్లో చూశాం మిస్టర్. డార్లీన్ ఇంట్లోనూ చూశాం," అంది లొరెట్టా.

ఇన్‌స్పెక్టర్ కారు వచ్చి ఆగింది. "ప్రమోదా, తుడిచెయ్! తొందరగా!" అని తెలుగులో అరిచాడు హరనాథ్.

ప్రమోద చెయ్యి కదల్లేదు. "లొరెట్టా, నాతో రిపేరనే చెప్పారు..."

"నీ చేతి వంట నా పిల్లలు తిన్నారు. ఆ తర్వాత ఏం తింటున్నారో ఒక్కసారైనా వచ్చి చూశావా?"

ప్రమోదకి తల కొట్టేసినట్టయింది. ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది.

"ఆ బొట్టు పెట్టింది నేనే. మూడిళ్లకీ ఉన్నది ఈ ఒక్క స్టవ్వే."

"మూడిళ్లకీ మూడు స్టవ్‌లు వచ్చేదాకా కదలం!" అంది లొరెట్టా.

"కదలం!" అన్నారందరూ.

ప్రమోద వాళ్ల పక్కన కూర్చోబోయింది. ఎవరూ జరిగి చోటివ్వలేదు. ఇవ్వమని అడిగే మొహం కూడా ఆమెకి లేదు. మెట్ల కింద మంచులోనే నిలబడింది.

"కారెక్కు," అన్నాడు హరనాథ్.

ఆమె ఎక్కలేదు.