నలభై మూడు పచ్చ రోజులు

రాజధాని నుంచి ఎడారి అంచున ఉన్న ఎండ కొలిచే కేంద్రానికి వచ్చిన కాగితాల్లో రోజుకొక చిన్న గడి చొప్పున పద్నాలుగేళ్ల గడులు ఉన్నాయి. దాదాపు అన్నీ ఎర్రగా ఉన్నాయి. చివరి పేజీ అడుగున నలభై మూడు మాత్రం పచ్చగా ఉన్నాయి. పచ్చవి ఏ తేదీ నుంచి మొదలయ్యాయో యాగానా వేలు పెట్టి చూడనక్కర్లేదు. అక్కడి పని అంతవరకూ చూసిన అన్న గ్రేమాను మట్టి చేసిన మర్నాడు అది.

పైన ఉత్తరం ఉంది. ప్రతి ఉదయం ఎండ కొలత నాలుగైదు నిమిషాల పాటు పడిపోతోందనీ, ఆ వేళ ఏడాది పొడవునా సూర్యుడితో పాటే జరుగుతోందనీ, కనుక తూర్పు వైపు చెట్టో స్తంభమో అడ్డం వచ్చి పరికరం మీద నీడ పడుతోందనీ అందులో రాశారు. గత నలభై మూడు రోజులుగా ఆ లోపం లేదట. అందుకు సంతోషమట. గురువారంలోగా సరైన వివరణ రాకపోతే పాత లెక్కలన్నీ కొట్టేస్తారట.

యాగానా బయటికి వచ్చి తూర్పుకు చూసింది. ఎడారి నుంచి వీచే హర్మటాన్ గాలి దుమ్ములో సూర్యుడు వెలిసిపోయిన నాణెంలా ఉన్నాడు. సూర్యుడికీ ఆమెకీ మధ్య మోకాలెత్తు ముళ్లకంచె, ఆ తర్వాత ఇసుక. చెట్టు అన్నది లేదు.

ఫోటోలు తీసి పంపింది. సాయంత్రం బూబా ఫోన్ చేశాడు. రాజధానిలో లెక్కల నాణ్యత చూసే విభాగంలో ఆమెకు తెలిసినవాడు అతనొక్కడే. అతను ఫులానీ, ఆమె కనూరీ. వాళ్ల తాతల కాలం నుంచీ ఈ రెండు తెగలవాళ్లూ ఎదురుపడితే, వాళ్ల ఆవుల్నీ వీళ్ల ఎండుచేపల్నీ ఎత్తిపొడుస్తూ సరదాకి తిట్టుకోవాల్సిందే, ఒకరి మాటకు ఒకరు కోపం తెచ్చుకోకూడదు. గ్రేమా పోయాక మాత్రం బూబా ఒక్కసారీ తిట్టలేదు. అదే ఆమెకు మరీ కష్టంగా ఉంది.

"చెట్టు ఇప్పుడు లేదు సరే, మొన్నటిదాకా ఉండి ఉంటుంది, కొట్టేసి ఉంటారు అంటున్నాడు మా పెద్దాయన," అన్నాడు బూబా. "ఆకాశం ఫోటోలు తీసే కెమెరా ఉంది కదా, పాత ఫోటోలు పంపు."

"దాని మోటారు కాలిపోయి రెండేళ్లయింది. కొత్తది పంపమని మీకే మూడు ఉత్తరాలు రాశాం."

"మాకా?"

"మీకే. మూడోదానికి జవాబు కూడా వచ్చింది. 'అందినది' అని."

బూబా దగ్గాడు. "అయితే ఆ నీడ ఏమిటో నువ్వే చెప్పు."

"నీడ కాదు, మా అన్న. రోజూ పొద్దున్నే ఎక్కి పరికరం మీది గాజు గుమ్మటం తుడిచేవాడు. ముందు దుమ్ము ఊదేవాడు, తర్వాత తడిగుడ్డ, తర్వాత పొడిగుడ్డ. చేతులు అడ్డం ఉన్నంతసేపూ కొలత పడిపోదా మరి?"

"తుడిచేవాడు గడియారం చూసుకుని తుడుస్తాడు. రోజూ ఏడింటికంటే ఏడింటికే కొలత పడిపోవాలి. ఇది సూర్యుడితో పాటు జరుగుతోంది."

"మెట్ల మీద తెల్లగీత ఒకటుంది. కంచె గుంజ నీడ దాన్ని తాకగానే ఎక్కేవాడు. అదే అతని గడియారం."

"చేతికి గడియారం లేదా?"

"ఈ ఎండకు బ్యాటరీ రెండు నెలలు కూడా ఆగేది కాదు. మూడోది పోయాక విసుగొచ్చి మేకపిల్ల మెడలో కట్టాడు."

బూబా నవ్వబోయి ఆగిపోయాడు. "పెద్దాయన ఇది ఒప్పుకోడు. రోజువారీ పుస్తకం పంపు."

మంగళవారమంతా ఆమె పుస్తకం పేజీలు ఫోటోలు తీస్తూ కూర్చుంది. ప్రతి పేజీలో మొదటి గడి ఒకటే: గుమ్మటం తుడిచారా? దానికెదురుగా పద్నాలుగేళ్లుగా గ్రేమా గుండ్రటి రాత: తుడిచాను. చివర నలభై మూడు పేజీల్లో ఆమె రాత: తుడిచాను. ఆ పేజీలు వచ్చేసరికి ఆమె కాసేపు ఆగింది. తర్వాత వాటినీ పంపింది.

బుధవారం మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"నీ పుస్తకమే నీ కొంప ముంచింది," అన్నాడు బూబా. "ఈ నలభై మూడు రోజులూ నువ్వు తుడిచావు. రాశావు, సంతకం పెట్టావు. ఒక్కరోజు కూడా కొలత పడిపోలేదు. అంటే తుడిస్తే కొలత పడిపోదన్నమాట. మరి మీ అన్న రోజుల్లో పడిపోయింది తుడవడం వల్ల కాదన్నమాట. పెద్దాయన నాకు ఇదే చదివి వినిపించాడు. నేనేం అనను?"

యాగానా కిటికీలోంచి చూసింది. పరికరం కింద మేకుకు గుడ్డ వేలాడుతోంది. గ్రేమా తను చనిపోయిన రోజు పొద్దున ఉతికి ఆరేసిన గుడ్డ. మూడో రోజు ప్రార్థన అయింది, ఏడో రోజుది అయింది, నలభయ్యో రోజున ఊరంతా వచ్చి అన్నం తిని వెళ్లారు. ఆమె రోజూ మెట్లెక్కి తీగలు చూసింది, పరికరం మట్టంగా ఉందో లేదో చూసింది, మబ్బులు లెక్కపెట్టింది. ఆ గుడ్డను మాత్రం తీయలేకపోయింది. కిందికి దిగి పుస్తకంలో తుడిచాను అని రాసింది. గుమ్మటం మీద దుమ్ము పొరలు పొరలుగా పేరుకుంది. కొలత రోజురోజుకూ కొంచెం కొంచెం తగ్గింది. రాజధానివాళ్లు దాన్ని హర్మటాన్ దుమ్ము వల్ల అనుకుని పచ్చరంగు వేశారు.

"నేను తుడవలేదు," అంది.

బూబా పెద్దగా నవ్వాడు. గ్రేమా పోయాక మొదటిసారి. "అబ్బ! ఇన్నాళ్లకు నోరు తెరిచావే ఎండుచేపల పిల్లా! మీ కనూరీలు ఒళ్లే కడుక్కోరు, గాజేం కడుగుతారులే అని నేననాలా ఇప్పుడు?"

"బూబా."

"మా ఆవులు నయం, వానొస్తే తడుస్తాయి..."

"బూబా, నేను వేళాకోళం ఆడటం లేదు. తుడవలేదు. తుడిచానని రాశాను. నలభై మూడు రోజులూ అబద్ధం రాశాను."

అవతల నవ్వు ఆగింది. ఎవరో తలుపు వేసిన చప్పుడు వినిపించింది.

"ఇది పైకి వెళ్తే ఏమవుతుందో తెలుసా నీకు?" బూబా మెల్లగా అన్నాడు. "మీ అన్న లెక్కలు నిలుస్తాయి. నీ ఉద్యోగం సంగతి నేను చెప్పలేను. దొంగరాత అంటారు."

"దొంగరాతే."

"కాస్త తిప్పి రాయరాదూ? అప్పుడప్పుడూ మర్చిపోయానని..."

"అప్పుడప్పుడూ అంటే మిగిలిన రోజుల్లో కొలత ఎందుకు పడిపోలేదని అడుగుతాడు మీ పెద్దాయన. మూడు రోజులుగా నాకదే కదా పని."

బూబా గొంతు మార్చి అన్నాడు: "మీ అన్నను మట్టి చేసిన రోజు నేను రాలేకపోయాను. వచ్చుంటే మన రెండు తెగల ఆనవాయితీ ప్రకారం వాడికంటే ముందు ఆ గోతిలో పడుకునేవాణ్ణి. బుట్టెడు చేపలిస్తే గాని లేచేవాణ్ణి కాదు."

"బుట్టెడా? తోక కూడా ఇచ్చేదాన్ని కాదు. నీ మీదే మట్టి పోయించేదాన్ని," అంది యాగానా. అలా అంటూ ఉండగానే కళ్లు తుడుచుకుంది.

ఆ సాయంత్రం పుస్తకం ముందేసుకుని కూర్చుంది. మొదటి పేజీలో తుడిచాను అన్న మాట మీద ఒకే గీత గీసింది, కింది మాట కనబడేలా. పక్కన తుడవలేదు అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టింది. అలా నలభై మూడు పేజీలు. ఎక్కడా కారణం రాయలేదు. కారణానికి ఆ పుస్తకంలో గడి లేదు. అన్నీ ఫోటోలు తీసి పంపేసింది.

గురువారం పొద్దున్నే కింది మెట్టు మీద నిలబడింది. దుమ్ములో గుంజ నీడ పల్చగా ఉంది. అది జరిగి జరిగి తెల్లగీతను తాకింది. యాగానా ఎక్కి మేకు నుంచి గుడ్డ తీసింది. అది అట్టలా బిగుసుకుపోయి ఉంది. నీళ్లు పోసి మెత్తబడేదాకా పిసికింది. ముందు దుమ్ము ఊదింది, తర్వాత తడిగుడ్డ, తర్వాత పొడిగుడ్డ.

ఆవేళ గడి ఎర్రగా వస్తుందని ఆమెకు తెలుసు. కిందికి దిగి పుస్తకం తెరిచి, తుడిచాను అని రాసింది.