నీలిచుక్క పెట్టిన బోల్టు

నేను బిగించిన ప్రతి బోల్టు తలమీదా నీలిరంగు చుక్క పెడతాను. పాతికేళ్ల అలవాటు. చుక్క ఉందంటే అది నా పని, ఇక దాని జోలికి వెళ్లక్కర్లేదని అర్థం. కనిపించిన ప్రతివాడి దగ్గరా ఈ గొప్ప ఊదరగొట్టాను కూడా.

ఆ రోజు ఉదయం పశువుల డాక్టరమ్మ తన పాత జీపు వేసుకుని షెడ్డుకొచ్చింది. వెనకసీటు మడత పడటం లేదు. అది మడిస్తేగాని జబ్బుచేసిన దూడను పడుకోబెట్టడానికి చోటుండదు. నెల కిందటే ఆ సీటు లాకు నేను బాగుచేశాను; ఆ తర్వాత దాన్ని మడవాల్సిన పని ఇప్పుడే పడింది. ఆపైన కొత్త స్పాంజి వేసి కవరు కుట్టింది నా బావమరిది. షెడ్డు పక్క గదిలోనే వాడి కుట్టుమిషను. ఆ కుట్టుపని నచ్చి, తమ ఆసుపత్రిలోని నాలుగు బండ్ల సీట్లూ వాడికే ఇస్తానని ఆవిడ మాటిచ్చింది. మూడు నెలలుగా సరైన పని లేనివాడు, ఆ నాలుగు బండ్ల మీదే ఆశ పెట్టుకున్నాడు.

మీట లాగాను. కదల్లేదు. కాలు తన్నిపెట్టి లాగాను. ఊహూ. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"ఒరేయ్ బామ్మర్దీ, ఇటు రా! సీటు కుట్టమంటే పరుపు కుట్టావేంట్రా? ఇంత స్పాంజి కుక్కితే లాకు ఎలా ఊడుతుంది?" అని వీధి వీధంతా వినేలా అరిచాను. ఎదురుకొట్టు ముందు నిలబడ్డవాళ్లు నవ్వారు. వాళ్లు నవ్వారని ఇంకో రెండు తగిలించాను. మీ అక్క గారాబం చేసి నిన్ను చెడగొట్టిందని కూడా అన్నాను.

వాడు కత్తెర తెచ్చి, జీపు వెనక ఎక్కి, తన కుట్లు తనే ఒక్కొక్కటీ విప్పాడు. స్పాంజి పక్కకు తీశాడు. నేను టార్చి పట్టుకున్నాను. ఒక పొడుగు బోల్టు కొస అరంగుళం పొడుచుకొచ్చి లాకు కమ్మీకి అడ్డం పడుతోంది. అవతల దాని తలమీద నీలిచుక్క.

పొట్టి బోల్టు దొరక్క ఆ పూటకి చేతికందింది బిగించేశాను. అది నాకప్పుడు గుర్తొచ్చింది.

"ఏంటి, దొరికిందా?" బయటనుంచి డాక్టరమ్మ అడిగింది.

వాడు నా మొహంలోకి చూశాడు. నేను చెప్పాల్సింది. టార్చి ఆర్పేశాను.

"దొరికిందండీ. స్పాంజి నేనే ఎక్కువ కుక్కాను. మా బావ చెప్పింది నిజమే," అన్నాడు వాడు.

నేను చప్పుడు చేయకుండా పొట్టి బోల్టు బిగించాను. దానికి చుక్క పెట్టడానికి చెయ్యి రాలేదు. వాడు మళ్లీ కుట్టేశాక మీట లాగితే సీటు ఒక్క ఊపున మడత పడింది. ఆవిడ నాకు థాంక్స్ చెప్పింది. వాడితో మాత్రం, "మిగతా బండ్ల సంగతి తర్వాత చూద్దాంలే బాబూ," అంది. ఆ చూద్దామంటే ఏమిటో వాడికీ తెలుసు, నాకూ తెలుసు. జీపు మలుపు తిరిగేదాకా ఊరికే నిలబడ్డాను. ఛీ, నాదీ ఒక బతుకేనా అనిపించింది.

"ఎందుకురా అలా చెప్పావ్?"

"నీ చుక్కని నమ్మే కదా బావా బండ్లు వచ్చేది. అవి వస్తేనే నాకూ సీట్లు. పోనీలే," అని వాడు మిషను దగ్గరికి వెళ్లిపోయాడు.

పనిముట్ల డబ్బాలో ఆ పొడుగు బోల్టు కనబడింది. తలమీద రంగు లేదు. కత్తెర మొనతో వాడే ఇనుము మెరిసేదాకా గీకేశాడు. వీధిలో వాణ్ణి అన్ని మాటలన్న నాకోసం ఆ పని కూడా చేశాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

రంగుడబ్బా మూత తీసి, ఆ తలమీద మళ్లీ నీలిచుక్క పెట్టాను. ఆరేదాకా ఆగలేదు. స్కూటరు తీసి నేరుగా పశువుల ఆసుపత్రికి వెళ్లి, డాక్టరమ్మ బల్లమీద దాన్ని పెట్టాను.

"మీ సీటు దీనివల్ల ఇరుక్కుందండీ, స్పాంజివల్ల కాదు. ఆ చుక్క నాది."

ఆవిడ బోల్టు వైపు, రంగంటిన నా వేళ్లవైపు చూసింది.

"పొద్దున అతని పక్కనే ఉన్నారుగా. అప్పుడెందుకు చెప్పలేదు?"

ఆ వేళ్లు ప్యాంటుకి తుడుచుకున్నాను. ఆవిడ ఫోను చేతిలోకి తీసుకుని, ఆ నాలుగు బండ్ల సీట్ల గురించి మాట్లాడాలని వాడి నంబరు చెప్పమంది. చెప్పాను. తలవంచుకునే చెప్పాను.