పెళ్ళికొడుకు ముక్కులోంచి రాలిన గింజ

నేను ఒక తలంబ్రాల గింజను. పొలం ఎరగను, రైసు మిల్లు ఎరగను. హైదరాబాదులో ఒక యానిమేషన్ స్టూడియోలో, కంప్యూటర్ తెర మీద పుట్టాను. నన్ను చేసిన పిల్ల పేరు మంజీర, సంగారెడ్డి అమ్మాయి. అసలు బియ్యపు గింజను పక్కన పెట్టుకుని, దాని మొన, దానికి పసుపు అంటిన తీరు చూసి చూసి నన్ను మలిచింది. తర్వాత నన్ను వేల గింజలుగా పెంచి పెళ్ళికూతురి దోసిట్లో పోసింది. అంతవరకు మనుషుల మీద నాకు మంచి అభిప్రాయమే ఉండేది.

మంజీర ఇంకా ట్రయల్ మీదే ఉంది. ఈ పెళ్ళి సీను సాయంత్రం డైరెక్టరుగారికి నచ్చితే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికి. ఆ మాట గుర్తు చేయడానికి టీమ్ లీడ్ చెన్నకేశవ ఉన్నాడు, ప్రొద్దుటూరు మనిషి. గదిలోకి వచ్చినప్పుడల్లా గుర్తు చేసేవాడు.

పొద్దున పెళ్ళికూతురి దోసిలి వంగింది. మేం పెళ్ళికొడుకు నెత్తిన పడాలి. పడలేదు. నెత్తిలోకి దూరి, గడ్డం కిందుగా బయటపడి, పీటల మీద రాలాం. నేనైతే ముక్కులోంచి వచ్చాను. సిగ్గుతో చచ్చిపోయాను.

“ఏం మంజీరా, గింజ ఇంత సన్నంగా చేస్తే యాడ తగులుతాదిమ్మా? లావు చెయ్యి,” అన్నాడు చెన్నకేశవ.

నాకు ఒళ్ళు మండింది. మేం దేనికి తగలాలో మాకు చెప్పేది మనుషులు పెట్టే సెట్టింగే. దాన్ని కొలిజన్ అంటారు. తగలమంటే తగులుతాం, చెప్పకపోతే గోడలోంచైనా వెళ్ళిపోతాం. సొంత తెలివి మాకెవరిచ్చారు? పెళ్ళికొడుకు కొలిజన్ చూసుకున్నది చెన్నకేశవే. “అది నేను చూసిందే, దాని జోలికి పోవద్దు,” అన్నాడు.

పాపం, మంజీర నన్నే లావు చేసింది. జీడిపప్పంత అయ్యాను. అయినా ముక్కులోంచే వచ్చాను. మరీ వేగంగా పడుతున్నామేమోనని ఒక్కో క్షణాన్ని ముక్కలు చేసి లెక్క కట్టించింది. కంప్యూటరు వేడెక్కి రొప్పిందే గానీ ఫలితం లేదు.

మధ్యాహ్నం తిండి కూడా మానేసి తెర ముందే కూర్చుంది. అప్పుడు, పక్కకు చెదిరిన మావాళ్ళు కొందరు ఆమె కంటపడ్డారు. పెళ్ళికొడుకు పక్కన, ఉత్త గాలిలో, దేనికో తగిలి ఎగిరి, భుజం మీంచి జారినట్టు జారుతున్నారు.

“ఆడ ఏమున్నది?” అని గొణుక్కుంది.

చెన్నకేశవది ఒక పద్ధతి. డైరెక్టరుగారు మనసు మార్చుకుంటే మళ్ళీ మొదట్నుంచి చేయాలన్న భయంతో దేన్నీ డిలీట్ చేయనివ్వడు. తెర పక్క జాబితాలో ప్రతి వస్తువుకూ ఒక కన్ను బొమ్మ ఉంటుంది. దాన్ని మూస్తే వస్తువు కనిపించదు, కానీ ఉన్నచోటే ఉంటుంది. మంజీర మూసిన కళ్ళన్నీ తెరిచింది. పెళ్ళికొడుకు పక్కన ఇంకో పెళ్ళికొడుకు, గుబురు మీసాలతో! డైరెక్టరుగారు వద్దన్న పాతవాడు. మా కొలిజన్ ఇంకా ఆ పెద్దమనిషి పేరు మీదే ఉంది. కొత్తవాడికి పెట్టిన నాథుడే లేడు.

మంజీర సెట్టింగు మార్చింది, నన్ను మళ్ళీ సన్నం చేసింది. ఈసారి పెళ్ళికొడుకు నెత్తిన పడి, ఎగిరి, భుజం మీద ఆగాను. ఎంత సంతోషమో చెప్పలేను.

సాయంత్రం డైరెక్టరుగారు చూసి చప్పట్లు కొట్టారు. పొద్దున ఏదో ఇబ్బంది వచ్చిందట, ఏమిటని అడిగారు.

“ఏం లేదు సార్, పాప గింజ సరిగ్గా చేయలేదు. నేనే కూర్చోని సరిచేయించినా,” అన్నాడు చెన్నకేశవ.

ఎంత అబద్ధం! ఆ నోట్లో ఇరుక్కుపోవాలన్నంత కోపం వచ్చింది నాకు.

మంజీర లేచి నిలబడింది. “గింజ మంచిగనే ఉన్నది సార్. పాత పెండ్లికొడుకును దాచిపెట్టి చెన్నకేశవ సారే మరిచిపోయిన్రు. గింజలు ఆ పాత పెండ్లికొడుకుకు తగిలినయ్.”

డైరెక్టరుగారు నవ్వి, ఫోను చూసుకుంటూ వెళ్ళిపోయారు. ఆ అమ్మాయి పక్షాన ఒక్క మాట అంటే ఆయన సొమ్మేం పోయేది? మర్నాడు మంజీరను పిలిచి, పని బాగుంది గానీ స్వభావం టీముకు సరిపడదని చెప్పి పంపేశారు.

ఇప్పుడు ఊరూరా సినిమా హాళ్ళలో నేను పెళ్ళికొడుకు భుజం మీద ఉన్నాను. జనం “ఎంత సహజంగా ఉందో!” అంటున్నారు. చివర్లో పేర్లు పడతాయి. చెన్నకేశవ పేరు పడుతుంది, టీ తెచ్చినవాళ్ళ పేర్లూ పడతాయి, పడాలి కూడా. మంజీర పేరు మాత్రం లేదు. అప్పటికే జనం లేచి చెప్పులు వెతుక్కుంటుంటారు. కాస్త ఆగండి. నన్ను చేసింది సంగారెడ్డి మంజీర.