గంపల కింద లెక్క

మూడు గొర్రెలు కడుపు పారుకొని పారుకొని చచ్చాక గానీ మా ఆయన మాల్యాద్రిలో చలనం రాలేదు. "మార్కాపురం పోయి కడుపులో పురుగులకు నట్టల మందు తే. అరవై జీవాలు" అని మూడు వందల ఇరవై చేతిలో పెట్టాడు. ఇంట్లో ఉన్నది అంతే. బస్సులో ఆడవాళ్లకు టికెట్టు లేదు గానీ, పుల్లలచెరువులో దిగాక మా ఊరికి ఆటో నలభై.

మందుల దుకాణంలో రెహమాన్ అన్న రెండు సీసాలు చూపించాడు. అర లీటరుది రెండు వందల తొంభై. వంద మిల్లీది ఎనభై.

"పెద్దదే చౌకమ్మా."

"ఒక్కోదానికి ఎంత తాపాల?"

"పెద్దదైతే పది మిల్లీ. చిన్నది ఘాటు, ఐదు చాలు."

వేళ్ల మీద లెక్క వేశాను. పెద్ద సీసా యాభై జీవాలకే సరి, మిగతా పదింటి గతేంటి? తలకు ఐదు రూపాయల ఎనభై పైసలు. చిన్నది సీసాకు ఇరవై జీవాలు, తలకు నాలుగే. చౌకంట చౌక! పదో తరగతి లెక్కల్లో నాకు తొంభై ఒక్క మార్కులు ఊరికే వచ్చాయా?

"చిన్నవి మూడియ్యి. రెండు వందల నలభై గదా."

ఆటో పోను నలభై మిగులుతుంది. ఉల్లిగడ్డలు కొనుక్కోవచ్చు.

"పిల్లలెంతమందమ్మా?"

"ఇద్దరన్నా. బడికి పోతాండారు."

"నీ పిల్లలు గాదు తల్లీ, గొర్రెపిల్లలు!"

పాలు తాగే పిల్లను మా ఇళ్లల్లో లెక్కపెట్టరు, దిష్టి అంటారు. ఈయన చెప్పిన అరవై పెద్దవే! ఈ పిల్లలను అమ్మితేనే మాకు ఏడాది తిండి. ఫోన్ చేశాను. అడవి అంచున సిగ్నలెక్కడ ఏడ్చింది?

రోజూ పిల్లలను గంపల కింద మూసేది నేనే. కళ్లు మూసుకున్నాను. ఆరు గంపలు, గంపకు నాలుగు. ఇరవై నాలుగు.

"పిల్లలకు సగం తాపు" అన్నాడు అన్న. అంటే అరవై మిల్లీ. నాలుగో సీసా తీసుకున్నాను. చేతిలో రూపాయి మిగల్లేదు.

పుల్లలచెరువు నుంచి ఎనిమిది కిలోమీటర్లు నడిచాను. పొద్దున గంపలో ఒకటి దగ్గినట్టు గుర్తొచ్చి, చివర్లో పరుగే పెట్టాను. ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది.

"నాలుగెందుకు తెచ్చినావు? అరవై అంటి గదా!" అన్నాడు మా ఆయన.

నాకు ఒళ్లు మండిపోయింది. "గంపల కిందవి నీ కంటికి జీవాలు గావా?"

పిల్లల దగ్గరికే ముందు పోయాం. నేను గంప ఎత్తుతున్నాను, ఆయన పట్టుకొని తాపుతున్నాడు. ఆరో గంప ఎత్తాను. మూడు లేచి నిలబడ్డాయి. నాలుగోది లేవలేదు.

ఆయన దాని కడుపు మీద చెయ్యి పెట్టి చాలాసేపు చూశాడు.

"ఇరవై మూడు" అన్నాడు.

పెళ్లయిన పన్నెండేళ్లలో ఆయన పిల్లలను పైకి లెక్కపెట్టడం అదే మొదటిసారి.