రెల్లు దుబ్బు

మంగళవారం ఉదయం పది దాటాక ఓపెన్‌కాస్టు గని మట్టిగుట్ట పడమటి అంచు జారింది. ఆ రోజు పొద్దు పొడిచేసరికే సదయ్య ఆ అంచు మీదే రెల్లు కోస్తున్నాడు.

ఎడమ చేత్తో గడ్డిని పిడికిట బిగించి, కుడి చేత్తో కొడవలిని మొదలంటా వేసి లాగుతాడు. రెల్లు ఆకు అంచు రంపంలా కోస్తుంది. అందుకే ముంజేతికి పాత సాక్సు తొడుక్కున్నాడు. కోతల మీద కోతలు పడి చేతుల్లో గీతలు పోయాయి. రేషన్ షాపు మిషను అతని వేలిముద్ర పట్టదు.

గని కోసం ఊరిని తీసుకున్నప్పుడు అతని రెండెకరాలు పోయాయి. గనిలోంచి తీసిన మట్టిని ఆ భూమి మీదే పోశారు. కొన్ని వానాకాలాలు గడిచాక, ఎవరూ విత్తకుండానే, దాని మీద రెల్లు మొలిచింది. అప్పటి నుంచి దాన్నే కోసి, తడకలు అల్లి, గోదావరిఖనిలో టీ బండ్లకు ఎండాకాలం నీడ కోసం అమ్ముతున్నాడు. కోసినా, కాల్చినా, మేకలు మేసినా రెల్లు వేరు చావదు. నడుము లోతు దిగిన ఆ వేరును పెకలించాలంటే గడ్డపార కావాలి.

ఆ రోజు గడ్డపార అక్కర్లేకపోయింది. దుబ్బు వేరుతో సహా చేతిలోకి వచ్చింది. దాని పక్కవీ అలాగే వచ్చాయి. వేళ్లు మధ్యలో తెగి ఉన్నాయి. మొన్న చెడగొట్టు వాన పడింది, అందుకే అనుకున్నాడు.

పక్కన కోస్తున్న ఇంటిపక్క జమున నవ్వింది.

“కాకా, గడ్డికి నీ మీద ప్రేమ, పావురం పుట్టినయ్. పిలిస్తె వస్తంది.”

“ఇన్నేండ్లు నా రక్తం తాగింది గదనే. ఇప్పుడన్న కనికరించద్దా?”

కోతవాళ్లకు ఒక కట్టడి ఉంది. దుబ్బు వేరుతో వస్తే అక్కడే నాటి, చుట్టూ మడమతో తొక్కాలి. లేకుంటే వచ్చే ఏడు కోత ఉండదు. సదయ్య మొదటి దుబ్బు నాటి, దాని పక్కన కొడవలి గుచ్చి, అంచు వైపు జరిగాడు. అక్కడ రెండోదాన్ని నాటి తొక్కితే మట్టి కుంగింది. ఇంకా గట్టిగా తొక్కాడు.

జమున మోపు కడుతూ ఆగింది.

“కాకా, గీ పగులు పొద్దుగాల లేదు. జల్ది దిగుదాం పా.”

“నువ్వు నడువు. ఇంకో మూడు దుబ్బులు నాటాలె. గిట్ల ఇడిసిపెడితె మళ్లేడు ఏం కోస్తవ్, నా తలకాయా?”

జమున మోపెత్తుకుని దిగింది. రోడ్డు మీద మోపు దించుతుంటే వెనక టిప్పరు మట్టి దింపినట్టు చప్పుడైంది. తిరిగి చూసింది. అంచు ఉన్న చోట దుమ్ము లేస్తోంది. పిలిచింది. మళ్లీ పిలిచింది.

సాయంత్రం పొక్లెయినర్లతో మట్టి తోడి సదయ్య శవాన్ని బయటికి తీశారు. పిడికిట్లో రెల్లు వేళ్లు ఉన్నాయి. పగులుకు ఇవతల, జారకుండా మిగిలిన నేల మీద, అతను నాటిన మొదటి దుబ్బు నిలబడి ఉంది. దాని పక్కన కొడవలి గుచ్చినట్టే ఉంది.