ఇన్వర్టర్ ప్లగ్గు

"స్వర్ణా, దాని మీద దుమ్ము దులిపినవా?"

ఉప్పల్‌లోని మా ఇంట్లో పొద్దున్నే నా మొగుడు కళ్యాణ్ నోట నాకు వినిపించే తొలి మాట ఇదే. 'అది' అంటే హాల్లో అల్మారా మీదున్న అరచేతంత కంప్యూటర్. లోకంలో ఎవరెవరో పంపుకునే క్రిప్టో డబ్బుల లెక్కలు నిజమా కాదా అని తోటి మెషిన్లతో కలిసి చూసి, సరేనని ముద్ర వేస్తుందట. వాలిడేటర్ అంటాడు కళ్యాణ్. మెలకువగా ఉంటే దానికి కూలి, కునుకు తీస్తే జరిమానా. నాకు మాత్రం అది సవతి. ఉన్నమాట చెప్పడానికి సిగ్గెందుకు, దాన్ని చూస్తేనే నాకు కడుపుమంట.

వంటింట్లో ఫ్యాన్ పెట్టించమని రెండు ఎండాకాలాలుగా అడుగుతున్నాను. "స్టవ్ మంట ఆరిపోతదే" అంటాడు. దానికేమో నెత్తిమీద బుల్లి ఫ్యాన్. కరెంటు పోతే మా చిన్న ఇన్వర్టర్ మీద నడిచేది ఒక్క ప్లగ్గే, అదీ దానికే. పోయిన దసరాకు దానికి బొట్టు పెట్టి, బంతిపూలు వేసి, దండం కూడా పెట్టాడు. మా అత్తమ్మ మల్లవ్వ "నా కొడుకు ఇంట్ల గూడ మిషిన్ నడిపిస్తుండు" అని బోడుప్పల్ చుట్టాలందరికీ చెప్పుకుంది. దుమ్ము దులిపేదెవరో, లైటు ఆరిందేమోనని గంటగంటకూ చూసేదెవరో ఆమెకు గుర్తురాలేదు.

నిన్న జ్వరంతో ఒళ్లు కాలిపోతుంటే, నాచారం ఆఫీసులో ఉన్న కళ్యాణ్‌కు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. మధ్యాహ్నం కరెంటు పోయింది. చాప మీద పడున్న నన్ను చూసి అత్తమ్మ, "జర లేసి ఆ డబ్బా నడుస్తుందో లేదో సూడు బిడ్డా" అంది.

లేచాను. దాని ప్లగ్గు పీకి, టేబుల్ ఫ్యాన్ పెట్టుకున్నాను. అబ్బ, ఎంత హాయి!

కన్ను మూసేలోగా ఫోన్ మోగింది.

"బాక్స్ బందైందని నా ఫోన్‌ల మెసేజొచ్చింది! ఏంజేసినవే?"

"నేనే పీకిన. జరమొచ్చింది. పొద్దటిసంది ఫోన్ జేస్తున్న, ఎత్తవేంది?"

"మీటింగ్‌ల ఉన్న. ముందుగాల ప్లగ్గు పెట్టు, ఫైన్ పడ్తది."

"నువ్వే వచ్చి పెట్టుకో. వచ్చేటప్పుడు జరం గోలీలు తే."

చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. నన్ను దాటుకుని పోయి, పిల్లల నుదురు చూసినట్టు డబ్బా మీద చెయ్యి ఆనించాడు. గోలీలు తేలేదు.

ప్లగ్గు కోసం వెతికాడు. అది డబ్బా నుంచి తీగతో సహా ఊడొచ్చి నా పిడికిట్లో ఉంది.

"ఇయ్యవే" అన్నాడు.

"ముందు ఈడ పెట్టు చెయ్యి" అని నా నుదురు చూపించాను. పెట్టి, కాలినట్టు గబుక్కున తీసేశాడు.

"పో, గోలీలు తే" అన్నాను. "అప్పటిదాంక దాన్ని గూడ జర పండనియ్యి, పాపం."